పాదపూజయు పాదసంరక్షణమును

మన దేశమున పాదములకు జరిగినంత పూజ మరి యే యవయవమునకును జరిగి యుండలేదు. శిష్యుడు గురుపాదములకు మ్రొక్కును. కోడలు అత్తమామల పాదములు తాకి కన్నుల కద్దుకొనును. పెండ్లిపందిటిలో కన్యాదాత అల్లుని కాళ్లు పళ్లెరమున నుంచి కడుగును. భరతుడు అన్నగారి పాదుకలను సింహాసనమున నిలిపి పదునాలుగేండ్లు రాజ్యము నడపెను. ధర్మరాజు రాజసూయము చేసినప్పుడు విప్రుల కాళ్లు కడుగు పనిని శ్రీకృష్ణుడు తానే స్వీకరించెనని భారతము చెప్పుచున్నది. ఇన్ని విధముల పాదమును గౌరవించు మన యిండ్లలో, ఒకరి కాలిగోరు వంకరగా పెరిగి మాంసములోనికి దిగుచున్నదా, మడమ పగిలి నెత్తురు కారుచున్నదా, వ్రేళ్ల సందులు తడిచే పాసి యున్నవా యని వంగి చూచువా రెందరు?

సాహిత్యపత్రికలో కాలిగోళ్ల ప్రసంగ మేమని కొందరు చదువరులు నవ్వవచ్చును. ఆ నవ్వు ఎక్కడినుండి వచ్చుచున్నదో విచారించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము. చరణకమలము లన్నచో ఎవరును నవ్వరు, కాలిగోరన్నచో నవ్వుదురు. ఆ రెండును ఒక్క కాలికే చెందినవి గదా! ఈ భేదము మాకు గ్రంథములు చదువుటవలన తోచలేదు. మా యింట జరిగిన యొక సంగతివలన, కొంత సిగ్గుతోడను, చాల దుఃఖముతోడను తెలిసినది. దానిని దాచక చెప్పెదము.

మా స్వగ్రామము కోనసీమలో రాజోలు ప్రాంతమున నున్నది. మా బాల్యమున, అనగా నలువది యేండ్లకు కొంచెము లోపుగా, మా వీథికి ఒక క్షురకవృత్తి పెద్దాయన నెలకు రెండు పర్యాయములు పొది చంకను పెట్టుకొని వచ్చుచుండెను. మా తాతగారు దొడ్డివైపు వసారాలో పీటపై కూర్చుండువారు. ఆయన క్షౌరము ముగించి, తాతగారి కాళ్లు తన మోకాలిపై నుంచుకొని, నీటితో తడిపి, నాని మెత్తబడిన గోళ్లను ఒక్కొక్కటిగా తీయుచుండెను. ఆయన భార్య లోపలికి వచ్చి నాయనమ్మగారికిని, మా యమ్మగారికిని ఆ పనియే చేయుచుండెను. గోళ్లు తీయుట మాత్రమే కాదు. కాలు త్రిప్పి అరికాలు చూచుట, వ్రేళ్ల సందులు విడదీసి చూచుట, ఆనెకాయ యెంత పెరిగినదో వ్రేలితో నొక్కి చూచుట వారి కలవాటు. ఒకనాడు ఆయన తాతగారితో, “ఆయ్, పంతులుగారండీ, ఈ బొటనవేలి గోరు లోపలికి దిగుతోందండి. మూల తవ్వకూడదండి, తవ్వితే ఇంకా దిగుతుందండి. తిన్నగా వదిలేయండి” అని చెప్పుట మాకిప్పటికిని జ్ఞాపకమున్నది. నేటి వైద్యులును ఆ మాటయే చెప్పుచున్నారు.

ఆయన మాకంటె నలువది యేండ్లు పెద్దవాడు. అయినను పిల్లలమైన మేము ఆయనను పేరు పెట్టి, నువ్వనియే పిలిచితిమి. ఆయన వెడలిన పిమ్మట ఆయన కూర్చున్న చోట నీళ్లు చల్లుచుండిరి. తాతగారు స్నానము చేయువరకు వంటింటి గడప దాటెడివారు కారు. తన కాలిని అంత శ్రద్ధతో చూచిన మనుష్యుడు తాకుటవలన మైలపడితినని ఆయన భావించినారు. ఆ కాలమున మాకది వింతగా తోచలేదు. నేడు తలచుకొన్నచో మనస్సు కలుక్కుమనుచున్నది.

కాలము మారినది. ఆయన కుమారులు చదువుకొనిరి. ఒకడు అమలాపురమున దుకాణము పెట్టుకొనెను. రెండవవాడు హైదరాబాదు వెళ్లెను. ఇల్లిల్లు తిరిగి ఒకరి కాళ్లకడ కూర్చుండు పనిని వారు మానివేసిరి. అది న్యాయమే. అవమానముతో గూడిన పనిని విడిచినవానిని తప్పుపట్టు నధికారము అవమానించినవానికి లేదు. అయితే వారు విడిచిన పనిని మేమెవరమును ఎత్తుకొనలేదు. గడ్డము గీచికొనుట నేర్చితిమి. తల దువ్వుకొనుట మునుపే తెలియును. ఇంటిలోని పెద్దవారి కాళ్లు చూచుట మాత్రము ఎవరికిని అలవడలేదు. ఆ పనిని తక్కువదిగా నెంచితిమి గనుక, చేయువారు పోయిన పిదప పనియే అంతరించినది. దీని ఫలమును మా యమ్మగారు అనుభవించిరి.

2019వ సంవత్సరము, వికారినామ సంవత్సరపు ఉగాది. తలంటుకొని, క్రొత్తబట్టలు కట్టుకొని, పచ్చడి తిని, మా యమ్మగారికి సాష్టాంగనమస్కారము చేసితిమి. మా నుదురు ఆమె కాలివ్రేళ్లను తాకినది. పసుపు మా నొసట నంటినది. ఆ పసుపు పూత క్రింద పుండు కలదని మాకు తెలియదు.

ఆమెకు మధుమేహము వచ్చి అప్పటికి పండ్రెండేండ్లయినది. నడుము వంగదు, చూపు మందగించినది. పండుగకు రమారమి పదిదినములు ముందు, ఒక గురువారము సాయంకాలము, మరునాడు శుక్రవారమగుటచే గోళ్లు తీయరాదని తలచి, దొడ్డివాకిట మసకవెలుగులో కూర్చుండి, నాన్నగారి పాత బ్లేడుతో తానే కాలిగోళ్లు తీసికొనిరి. రెండవ వ్రేలి మూల తెగినది. ఆమెకు నొప్పి తెలియలేదు. మీద పసుపు వైచికొనిరి. ఎప్పటివలెనే పనులు చేసికొనిరి. ఉగాది వెడలిన నాలుగవనాడు వాసన వచ్చినప్పుడు గదా మేము కాలు చూచితిమి! అప్పటికి వ్రేలు నల్లబడినది. అమలాపురమున వైద్యుడు ఆమె ప్రాణమును, పాదమును రక్షించెను గాని, రెండు వ్రేళ్లు తీసివేయక తప్పలేదు.

ఆ వైద్యుడు మమ్ము నిందింపలేదు. కట్టు కట్టుచు, తల యెత్తకయే, “ఈమె కాళ్లను ఇంట్లో రోజూ ఎవరు చూస్తున్నారండి?” అని యడిగెను. మాకు ఉత్తరము తోచలేదు. ఏటేట ఉగాదికి, దసరాకు, సంక్రాంతికి, పుట్టినదినములకు ఆ కాళ్లకు మ్రొక్కినవారము మా యింట ఏడుగురము గలము. చూచినవా రొక్కరును లేరు.

మధుమేహము దీర్ఘకాలము నిలిచినచో పాదముల నరములు మొద్దుబారును; సన్నని రక్తనాళములలో ప్రసారము తగ్గును. నొప్పి యనునది శరీరమునకు కావలివాడు. కావలివాడు నిద్రించినప్పుడు ఇంటిలోనివారు మేలుకొని యుండవలెను. నొప్పి లేదు గనుక పుండు లేదని ఆమె తలచిరి. ఆమె చెప్పలేదు గనుక ఏమియు లేదని మేము తలచితిమి. చెప్పకుండుటకు మరియొక కారణమును కలదు. తరువాత నెప్పుడో మేము గోళ్లు తీయబోగా, ఆమె కాలు వెనుకకు లాగికొని, “గోళ్లు తియ్యడం నీ పనా రా? నలుగురూ వింటే ఏమనుకుంటారు?” అనిరి. అదే కుమారుడు అదే కాలికి నుదురు తాకించుటలో ఆమెకు గాని, నలుగురికి గాని తప్పు తోచలేదు.

ఇక్కడ కొంచెము నిలిచి విచారింపవలసి యున్నది. మన సంప్రదాయమున పాదమును తాకుట మూడు తెరగుల జరుగుచున్నది. మొదటిది నమస్కారము. రెండవది కాళ్లొత్తుట. మూడవది గోరు తీయుట, ముల్లు తీయుట, పుండు కడుగుట. మొదటి రెంటివలన పుణ్యము కలుగునని చెప్పితిమి. మూడవదానివలన అశౌచము కలుగునని చెప్పితిమి. పుణ్యము వచ్చు స్పర్శను మనము తీసికొని, ప్రయోజనము గల స్పర్శను మరియొక కులమునకు విడిచితిమి. విడిచిన పిదప ఆ కులమునే అశౌచమంటిమి. వేదమునందలి పురుషసూక్తములో విరాట్పురుషుని పాదములనుండి శూద్రుడు పుట్టెనని చెప్పిన మాటను పట్టుకొని, క్రింది యవయవమున పుట్టినవాడు క్రిందివాడని వాదించువారు నేటికిని కలరు. ఆ సూక్తములోనే మరికొంత ముందునకు పోయినచో, ఆ పాదములనుండియే భూమి పుట్టినదని యున్నది. మనము నిలిచిన నేల, తినిన యన్నము, కోనసీమలోని ప్రతి కొబ్బరిచెట్టును ఆ పాదముల సంతానమే యన్నమాట. మొదటి మాటను కంఠస్థము చేసినవారు రెండవదానిని ఏల మరచిరో పండితులే చెప్పవలెను. మేమును సంస్కృతము చదివినవారమే గనుక ఈ నిందలో మాకును భాగము కలదు.

అయితే మన పెద్దలకు పాదసంరక్షణము బొత్తిగా తెలియదని మేమనము. ఇంటి వాకిట గోలెముతో నీళ్లుంచి, కాళ్లు కడుగుకొనక గడప దాటనీయని ఆచారము వారిదే. కాళ్లు కడుగుకొనక సంధ్య కుపక్రమించిన నలచక్రవర్తిని, పండ్రెండేండ్లు కాచియున్న కలిపురుషుడు ఆ యవకాశమున ఆవేశించెనను కథ వారు చెప్పినదే. మడమ తడియకున్నచో శని పట్టునని మమ్ము నాయనమ్మగారు భయపెట్టుచుండిరి. రాత్రివేళ గోళ్లు తీయరాదన్న నియమమునకు, ఆముదపు దీపముల కాలమున వ్రేలు తెగుననుటకంటె వేరు కారణము వెదకనక్కరలేదు. కాని మనము కారణమును మరచి నిషేధమును మాత్రము నిలుపుకొంటిమి. ఏ వారము కూడదో జ్ఞాపక ముంచుకొంటిమి గాని, వెలుగు చాలునో చాలదో చూచుకొనుట మానితిమి. మా యమ్మగారు శుక్రవారమునకు వెరచి మసకవెలుగున బ్లేడు పట్టుట ఈ మరపువలననే జరిగినది.

ఆ మీదట మేము నేర్చుకొన్న కొలది సంగతులను, ఇంటింటికిని పనికివచ్చునవి గనుక, ఇచట వ్రాయుచున్నాము. రాత్రి పండుకొనబోవు ముందు కాళ్లను గోరువెచ్చని నీటితో, సామాన్యమైన సబ్బుతో కడుగవలెను. మధుమేహము గలవారు నీటి వేడిని కాలితో పరీక్షింపరాదు. కాలు మొద్దుబారినచో కాలినను తెలియదు. మోచేతితో గాని, ఇంటిలో మరియొకరిచేత గాని చూపించుకొనవలెను. కాళ్లను చాలసేపు నాననీయరాదు. కడిగిన పిదప మెత్తని పొడిబట్టతో అద్దవలెను; ముఖ్యముగా వ్రేళ్ల సందులలో తడి నిలువరాదు. మన కోనసీమలో పాదములకు వచ్చు చిక్కులలో సగము ఈ తడివలన వచ్చునవే. మడమలకు కొబ్బరినూనె రాచిన పగుళ్లు మెత్తబడును. వ్రేళ్ల సందులలో మాత్రము నూనె రాయరాదు. అరికాలు వంగి చూచుకొనలేనివారు నేలపై అద్దముంచి చూచుకొనవచ్చును. ఇంటిలో కన్నులున్న మరియొకరు చూచుట అంతకంటె మేలు.

గోళ్లను స్నానము చేసిన వెంటనే, మెత్తగా నున్నప్పుడు, పగటివెలుగున తీయవలెను. చేతిగోళ్లవలె గుండ్రముగా గాక, కాలిగోళ్లను తిన్నగా అడ్డముగా కత్తిరించి, మూలల పదును మాత్రము ఆకురాయితో అరగదీయవలెను. మూలలు తవ్వినచో గోరు మాంసములోనికి పెరుగును. గోరుచుట్టుపై రోకటిపోటు అను సామెత ఆ బాధ యెరిగినవారు చెప్పినదే. మరీ పొట్టిగా తీయుటయు తప్పే. ఆనెకాయను బ్లేడుతో కోయుట, మందు పట్టీలతో కాల్చుట మధుమేహము గలవారికి ప్రమాదము. చెప్పులలో కాలు పెట్టుటకు ముందు లోపల రాయి గాని మేకు గాని గలదేమో దులిపి చూడవలెను. మానని పుండు, రంగు మారిన వ్రేలు, వేడెక్కి వాచిన పాదము కనబడినచో పసుపు వైచి వేచియుండక ఆనాడే వైద్యునికడకు పోవలెను. ఇది యంతయు పది నిమిషముల పని. మేము మ్రొక్కుటకు వెచ్చించిన కాలమును కూడినచో ఇంతకంటె తక్కువ కాదు.

ఇంతవరకు వ్రాసిన పిదప, మేము మా కర్తవ్యము తెలిసికొంటిమని, ఇక పాదసేవాధర్మమును లోకమునకు బోధింపవచ్చునని తలచితిమి. ఆ గర్వమును దింపిన సంగతి మరియొకటి కలదు.

గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ నున్న మన సీమకు నీరే సంపద. 1852వ సంవత్సరమున ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి కాలువల నీరు మనకు అన్నము పెట్టుచున్నది. ఆ నీరే గుంటలలోను, మురుగుకాలువలలోను నిలిచి కుళ్లినప్పుడు దోమలను పెంచును. వానిలో క్యూలెక్సు జాతి దోమ బోదకాలి క్రిమిని ఒకరినుండి యొకరికి చేరవేయును. ఈ క్రిమి దోమ దేహమున పెరుగునని 1877వ సంవత్సరమున చైనాదేశపు అమోయ్ పట్టణమున పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు కనుగొనెను. మన దేశమున 1955లో దీని నివారణకై జాతీయ కార్యక్రమ మారంభమైనది. 2004 నుండి వ్యాధి గల జిల్లాలలో ఏడాదికొకసారి ఇంటింటికిని మాత్రలు పంచుట జరిగినది. కోనసీమ 2022వ సంవత్సరమున వేరు జిల్లా యగుటకు పూర్వము చేరియుండిన తూర్పు గోదావరియు అట్టి జిల్లాలలో నొకటి. మాత్రలు రక్తములోని పిల్లక్రిములను చంపి వ్యాధి వ్యాపింపకుండ చేయును గాని, ఇదివరకే చెడిపోయిన శోషరసనాళములను బాగు చేయజాలవు. అందుచేత బోదకాలు వచ్చినవానికి మాత్రతో పని ముగియదు.

బోదకాలివారికి తరచు చలిజ్వరము వచ్చి, గజ్జలలో బిళ్ల కట్టి, కాలు ఎర్రబడి మంచమెక్కించుట మన యూళ్లలో అందరెరిగినదే. అమావాస్యకును పున్నమకును అది పొంగునని చెప్పుదురు. నిజమునకు దానికి కారణము చంద్రుడు కాదు. వ్రేళ్ల సందులలోని పాసిన చోట్లగుండ, చిన్న పగుళ్లగుండ సూక్ష్మజీవులు లోనికి పోవుటచే ఆ జ్వరము కలుగును. ప్రతి జ్వరముతోను కాలు మరికొంత లావగును. ప్రతిదినమును సబ్బుతో కడిగి, మడతలును సందులును పొడిగా తుడిచి, పగుళ్లకు మందు వైచి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా నుంచి, చీలమండను కదల్చుచున్నచో ఈ జ్వరములు చాలవరకు తగ్గును. కోట్లు ఖర్చయిన పిదపను శాస్త్రము చెప్పు మందు ఒక తొట్టి, ఒక చెంబు, సబ్బు, తువాలు!

మా దొడ్డిలో కొబ్బరిమట్టలు ఏరి, ఈనెలు తీసి చీపుళ్లు కట్టు నొకామె కలదు. ఊడ్పుల కాలమున ఆమె పొలమునకు పోవును. ఎడమకాలు బోదకాలు. మా యింట ఇరువది యేండ్లుగా పనిచేయుచున్నను, చీరకుచ్చెళ్లు ఎప్పుడును నేలకు జీరాడునట్లు కట్టుకొనుటచే మేమా కాలిని సరిగా చూచి యెరుగము. ఒకనాడు ఆశా కార్యకర్త తొట్టియు సబ్బును తెచ్చి మా దొడ్డిలోనే ఆమెకు కడుగుకొను విధము చూపించినది. ఆ యమ్మాయి ఏమాత్రము సంకోచింపక కాలు తన చేతులలోనికి తీసికొని, సందు సందును విడదీసి కడిగినది. మేము ప్రక్కన నిలిచి చెంబుతో నీళ్లు పోసితిమి. తువాలు అందించితిమి. చేయి మాత్రము చాపలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పరస్త్రీ గనుక తాకలేదని మనస్సునకు చెప్పుకొంటిమి. అది కొంత నిజమే. కాని అదే కాలు ఒక స్వామినియో, ఒక ముత్తైదువదో యైనచో పండుగనాడు తాకి కన్నుల కద్దుకొనకుందుమా? సేవాగ్రామమున గాంధిమహాత్ముడు కుష్ఠువ్యాధి గల సంస్కృతపండితుడు పర్చురే శాస్త్రికి స్వహస్తములతో మర్దన చేసెనని మేమే తరగతిలో పిల్లలకు పాఠము చెప్పియున్నాము. క్రీస్తు శిష్యుల పాదములు కడిగిన ఘట్టమును ఆంగ్లపాఠములలో వివరించి యున్నాము. మా తాతగారు వంటింటి గడప దాటక నిలిచిన చోటునకును, మేము చెంబు పట్టుకొని నిలిచిన చోటునకును దూరమెంత? తల్లి కాలిని తాకగలిగినంత మాత్రమున ఆ గడప దాటితిమని మేము తలచుట పొరపాటు.

మరునాడు, మా పాపమునకు ప్రాయశ్చిత్తము వెదకుచు, ఆమె కాలు కడుగుటకు దినదినము ఆశా కార్యకర్తను రమ్మందుమా యని యడిగితిమి. ఆమె నవ్వి, “మేష్టారండీ, నా కాలు నేను కడుక్కోగలనండి. ఊడుపుల్లో పొద్దున్నే బురదలోకి దిగితే సందేళ దాకా బురదేనండి. ఇంటికెళ్తే మెరకలేదండి, వాకిలంతా చెమ్మేనండి. కడుక్కున్న కాలు ఎక్కడ ఆరబెట్టుకోనండి?” అనెను.

ఆమె మాటతో మా ఆలోచన తలక్రిందులైనది. ఎవరు ఎవరి కాలు కడుగవలెనని మేము ధర్మమీమాంస చేయుచుంటిమి. ఆమెకు కావలసినది ఒకరి కరుణ కాదు, పొడినేల. మోకాళ్లవరకు నీటిలో నిలిచి మనకు బియ్యము పండించువారికి, తమ కాళ్లు ఆరబెట్టుకొను జాగా లేదు. చెప్పులు లేక నడచువారిని చూచి మనము నిర్లక్ష్యమందుము. వారి తాతలు మన వీథులలో చెప్పులు తొడిగి నడచుటను సహింపని కాలమొకటి యుండెనని మరతుము. పాదసంరక్షణము ఇంటి విషయమని మేము తలచితిమి. వీథిమురుగును, కూలిగంటలును, ఇండ్లస్థలములును సరిపడనిచో ఇంటిలో సబ్బు ఉండియు ఫలమేమి? గొప్పవాడొకడు వంగి దీనుని పాదము కడుగుట చూడముచ్చటగా నుండును. దీనుడు ఎవరి దయయు లేకయే తన పాదమును తాను కడుగుకొని ఆరబెట్టుకొనగలుగుట అంత చూడముచ్చటగా నుండదు గాని, న్యాయమనగా నదియే.

మేము చేసినది మిక్కిలి స్వల్పము. దొడ్డిలో కొళాయి ప్రక్క మోకాలెత్తు సిమెంటు గట్టు నొకదానిని కట్టించి, పైన రేకు వేయించితిమి. సాయంకాలము పొలమునుండి వచ్చినవారు, కావలసినవారెల్లరు, అచట కాళ్లు కడుగుకొని గట్టుపై చాచి ఆరబెట్టుకొందురు. వీథిలో ఒకరిద్దరు మూతి విరిచిరి. మా యమ్మగారును ఆ గట్టుమీదనే కూర్చుండి కాళ్లు కడుగుకొందురు. మొదటి దినములలో ఆమెయు, చీపుళ్లు కట్టు నామెయు చెరియొక కొనను ముఖములు త్రిప్పుకొని కూర్చుండెడివారు. ఇప్పుడు ఒకరి కాలు ఒకరు చూచి, ఎక్కడ పగిలినదో, ఎక్కడ మానినదో చెప్పుకొనుచున్నారు. చీపుళ్లు కట్టు నామెకు నిరుడు జ్వరము ఒక్కసారి మాత్రమే వచ్చినది. అంతకు ముందు ఏడాది నాలుగుసార్లు మంచమెక్కెను.

వైరాగ్యముగలవా రొకరు మాతో, “నశించు దేహమునకు ఇంత శ్రద్ధ యేల? ఆత్మచింతన చేయరాదా?” అనిరి. మేమెరిగినంతవరకు కడిగిన కాలు మనుష్యునిచేత తన్ను మరపించును. కుళ్లిన కాలు అహోరాత్రములు తన్నే తలపించును. రెండు వ్రేళ్లు పోయిన మా యమ్మగారు ఆరు మాసములు భాగవతము తెరువలేదు. దేహమును మరువగోరువారే దానిని ముందు సరిగా చూచుకొనవలెను.

పాఠశాలలో మేము ఏండ్ల తరబడి పిల్లల చేతిగోళ్లు పరీక్షించితిమి. ఒక్కనాడైన కాలిగోళ్లు చూడలేదు. బూట్లు వచ్చిన తరువాత పాదములు మరింత మరుగుపడినవి. గత వర్షకాలమున ఒకనాడు తరగతిలో అందరిని బూట్లు విప్పుమంటిమి; మేమును విప్పితిమి. తడిసిన మేజోళ్ల లోపల వ్రేళ్ల సందులు తెల్లగా పాసిన పిల్లలు అనేకులుండిరి. ఎవరును ఇంట చెప్పలేదు. ఎవరును అడుగలేదు గనుక. ఆనాటినుండి వానలో తడిసినచో మేజోళ్లు విప్పి ఆరవైచుట మా తరగతిలో నియమమైనది. గదిలో కొంత వాసన వేయును. పాఠము మాత్రము ఆగదు.

చదువరులారా, నమస్కారమును మానుడని మేము చెప్పుట లేదు. మ్రొక్కుటకు వంగినప్పుడు కన్నులు మూసికొనక తెరచి చూడుడని మాత్రమే మా ప్రార్థన. ఈ రాత్రి మీ యింట అందరికంటె పెద్దవారి కాలు ఒకసారి దీపము వెలుగున చూడుడు. మీ దొడ్డిలో పనిచేయువారికి కాలు కడుగుకొని ఆరబెట్టుకొను జాగా కలదో లేదో రేపు పగటివెలుగున చూడుడు. ఈ రెండింటిలో మొదటిది సులభము. రెండవదానికి మన వీథిని కొంచెము మార్చవలసి యుండును.

మొన్నటి ఉగాదికి మేము యథాప్రకారము మ్రొక్కబోగా మా యమ్మగారు కాలు ముందునకు చాచి, “ముందు చూడరా అబ్బాయీ. తరవాత మొక్కుదువుగాని” అనిరి. అట్లే చేసితిమి.